పాట చెప్పినోళ్ల ఊరికీ ఒక కాపీ ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

గవర్నమెంట్ డబ్బుతో సాహిత్యం మీదా, జానపదాల మీదా, కులాల మీదా పీహెచ్‌డీలు ఎందుకు, శుద్ధ దండగ అనే మాట ఈమధ్య తెగ వినబడతంది, మా శ్రీకాకుళంలో కూర్చుని వింటే నవ్వొస్తాది. గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల భాష మీద రాసిన పుస్తకాన్ని 1931లో అచ్చేసింది మద్రాసు గవర్నమెంట్ ప్రెస్సే కదా, లాభం చూసుకునే పబ్లిషరెవడైనా అలాంటిది ముట్టుకుంటాడా!

మన తప్పెటగుళ్లే చూడండి, గుండెల మీద రేకు తప్పెట, కాళ్లకి గజ్జెలు కట్టుకుని గంటలకొద్దీ ఎగిరి పాడతారు, ఆ పాటల్లో చాలామట్టుకు నోటిమీదే ఉన్నాయి, ముసలోళ్లతోనే పోతాయి, వాట్సాప్‌లో వీడియోలు తిరుగుతాయి గానీ పాడిందెవరో ఏ ఊరో ఉండదు, అదంతా ఊరూరా తిరిగి రాసుకోవాలంటే స్కాలర్‌కి ఫెలోషిప్ ఉండాలి, కనీసం బస్ చార్జీలైనా.

నా కంప్లైంట్ వేరే అండి. కొందరు థీసిస్ ఇంగ్లీషులో రాసి, పీహెచ్‌డీ థీసిస్‌లు దాచే శోధ్‌గంగ సైట్‌లో పెడతారు, సరే, పాట చెప్పిన తాత అది తెరిచి చదువుతాడా? ఫండ్ ఇచ్చేటప్పుడే తెలుగులో ఒక చిన్న పుస్తకం, రికార్డింగులతో సహా ఆ ఊరి స్కూల్‌కి ఇవ్వాలని కండిషన్ పెట్టాలి, అది ఇచ్చాకే ఆఖరి వాయిదా డబ్బులు రిలీజ్ చెయ్యాలి.

ఇట్లు,
రిటైర్డ్ తెలుగు మాస్టారు,
శ్రీకాకుళం