తోతాపురికి వచ్చిన తిప్పలు
తిరుపతి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ చంద్రా,

ఎట్లున్నావు? ఫోన్లో అయితే సగం మింగేస్తానని రాస్తున్నా. దామలచెరువు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేశామని చెప్పాను గదా. రైతుకిచ్చే డబ్బులో మచ్చ కాయకు ఒక కోత, పచ్చి కాయకు ఇంకో కోత. అన్నీ జావా ప్రోగ్రామింగ్ భాషలో 'ఇలా అయితే అలా' అని ఇఫ్ మీద ఇఫ్ పెట్టి రాశాం. సీజన్లో తెల్లారకముందే ఫోను: "సార్, ఈరోజు నుంచి కోత మారింది." మళ్ళీ మార్చు, మళ్ళీ బిల్డ్, మళ్ళీ టెన్షన్.

మొదట మోడలింగ్ టూల్ పట్టా. కాలేజీలో ప్రోగ్రాము ఎలా ఉండాలో చూపే యూఎంఎల్ బొమ్మలు గీసి రికార్డు నింపాం చూడు, ఆ బాపతే. డబ్బాలూ బాణాలూ గీస్తే కోడ్ అదే పుట్టించింది. నేను ఆగకుండా ఆ కోడ్‌లో చేత్తో నాలుగు లైన్లు మార్చా. మర్నాడు బొమ్మ దిద్ది జనరేట్ కొడితే నా నాలుగు లైన్లూ గోవిందా! ఈ ఫైలు ముట్టుకోవద్దని పైనే రాసుందిలే, చదివిందెవరు?

అప్పుడనిపించింది, ఈ కోతల వరకే ఒక చిన్న భాష చేస్తే పోలా, ఫ్యాక్టరీవాళ్ళే రాసుకుంటారు అని. ఇలా ఒకే పనికి చేసిన చిన్న భాషను డీఎస్‌ఎల్ అంటారు గదా, మనకు కొత్తేం కాదురా. డేటాబేస్‌ను అడగడానికి రోజూ రాసే ఎస్‌క్యూఎల్ ఆ జాతిదే, 1974లో ఐబీఎంలో సీక్వెల్ అనే పేరుతో మొదలైంది.

కోడ్ రాసుకునే ఎక్లిప్స్‌లో ఇలాంటి భాషలు తయారుచేసే ఎక్స్‌టెక్స్ట్ అనే టూల్ తీసుకున్నా. భాష వ్యాకరణం రాసిస్తే, రాసిన వాక్యాన్ని విడదీసి అర్థం చేసుకునే పార్సరూ, తప్పు కింద ఎర్ర గీత వేసే ఎడిటరూ అదే ఇస్తుంది. 'దాటితే', 'తగ్గించు' అని కీవర్డులు తెలుగులో పెడితే కిమ్మనలేదు. 'తోతాపురి' అని రకం పేరు కొట్టగానే ఎర్ర గీత! పేర్లలో అది మామూలుగా ఒప్పుకునేవి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోరే. సరే, అ నుంచి హ దాకా కలిపా. అయినా గీత పోలేదు. రెండు గంటలు తల పట్టుకున్నాక తట్టింది: 'తో' మన కంటికి ఒకే అక్షరం, కంప్యూటర్లో అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్‌కు మాత్రం త వేరు, ఓత్వం వేరు. గుణింతాలు కలిపితే తోతాపురి లోపలికొచ్చింది. పొల్లు మరిచిపోయా, మర్నాడు 'మల్లిక' గేటు దగ్గరే ఆగింది.

ఇంతా చేస్తే అకౌంటెంటు పెద్దాయన కీబోర్డు ముట్టనన్నాడు. ప్రింటు తీసిస్తే కళ్ళజోడు పెట్టుకుని చదివాడు: 'మచ్చ 5 శాతం దాటితే టన్నుకు 300 తగ్గించు.' వేలు అక్కడే ఆగింది. "టన్నుకు కాదు సామీ, లోడుకు."

నిరుటి సీజనంతా జావాలో టన్నుకే ఉందిరా! నాలుగు టన్నులు తెచ్చిన రైతుకు 300 పోవాల్సిన చోట 1200 పోయింది. జావాను ఆయనకు ఎవరు చూపించారు, చూపించినా ఏం చదువుతాడు? ఆయన రాయకపోయినా నాకిప్పుడు బాధ లేదు, చదివాడు, చాలు.

మేనేజరేమో జీతాలూ సెలవులూ కూడా ఆ భాషలోనే పెట్టమంటున్నాడు. ససేమిరా అన్నా. పెడితే అదీ ఇంకో జావా అయి కూర్చుంటుంది. ప్రస్తుతం నిరుటి తూకం చీటీలు ముందేసుకుని ఎవరికెంత తిరిగివ్వాలో లెక్క తీస్తున్నా. జూన్‌లో కాయ దిగేలోపు తేలాలి. వారం సెలవు పెట్టి రారాదూ?

నీ,
రఘు