వార్షిక నివేదిక: ఉషా గంగూలీ బాటలో మన నాటక విభాగం

సభ్యులందరికీ నమస్కారం.

ఏడాది పొడవునా సంఘం చేసిన పనులను వరసగా విన్నవించడం మన ఆనవాయితీ. ఈసారి నాటక విభాగం పనికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. వచ్చే ఏడాదికి మీ ఆమోదం కోరుతున్న ప్రతిపాదన అందులోంచే పుట్టింది. ఉగాది, పిల్లల తరగతులు, జమాఖర్చుల సంగతి చివర్లో ఉంటుంది.

గత సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలు లేచి, కోల్‌కతాలో ఉంటూ తెలుగు నాటకం ఎవరి కోసం వేయాలి, మన ఇళ్లవాళ్లు తప్ప ఎవరు చూస్తారు అని అడిగారు. సూటిగా అడిగిన మాట అది. జవాబు కోసం ఎక్కడికో వెళ్లనక్కర లేకపోయింది. ఇదే నగరంలో, బెంగాలీ ప్రేక్షకుల నడుమ, హిందీ నాటకానికి నాలుగు దశాబ్దాలకు పైగా ఊపిరి పోసిన నటి, దర్శకురాలు ఉషా గంగూలీ ఉండేవారు. అందుకే ఈ ఏడాది నాటక విభాగం చదువు సమావేశాలన్నీ ఆమె జీవితం చుట్టూ, ఆమె రంగస్థలానికి తెచ్చిన రచనల చుట్టూ నడిచాయి.

ఉష 1945లో జోధ్‌పూర్‌లో పుట్టారు. భరతనాట్యం నేర్చుకున్నారు. కోల్‌కతాకు వచ్చి హిందీ సాహిత్యంలో ఎం.ఏ. చేశారు. 1970 ఆమె జీవితంలో రెండు విధాలుగా ముఖ్యమైన ఏడు. భవానీపూర్‌లోని కళాశాలలో హిందీ అధ్యాపకురాలిగా చేరిందీ అప్పుడే, సంగీత్ కళా మందిర్ అనే సంస్థ వేసిన ‘మిట్టీ కీ గాడీ’లో వసంతసేనగా తొలిసారి రంగస్థలం ఎక్కిందీ అప్పుడే. సంస్కృత నాటకం మృచ్ఛకటికానికి అది హిందీ రూపం. ఆ తరువాత 2008 వరకు ఆమె అధ్యాపక ఉద్యోగం విడవలేదు. ఆఫీసు పని ఉందని, ఇల్లు చూసుకోవాలని నాటకానికి దూరంగా ఉండిపోయిన మన సభ్యురాళ్లు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలని నా విన్నపం.

1976లో ఆమె ‘రంగకర్మీ’ అనే నాటక సమాజాన్ని స్థాపించారు. అప్పటికి నగరంలో హిందీ నాటకం లేకపోలేదు. 1955 నుంచి ‘అనామిక’ అనే నాటక సమాజం ఉంది, శ్యామానంద్ జాలాన్ వంటి దిట్టలైన దర్శకులు ఉన్నారు. అయినా తనకంటూ ఒక సమాజం కావాలనుకున్నారు. నన్ను బాగా ఆకట్టుకున్నది ఆమె ఆ సమాజాన్ని నడిపిన తీరు. స్థాపకురాలు కదా అని మొదటిరోజు నుంచే దర్శకత్వం తన చేతిలోకి తీసుకోలేదు. తొలి ఏళ్లలో రుద్రప్రసాద్ సేన్‌గుప్తా, బిభాస్ చక్రవర్తి, తృప్తి మిత్రా, ఎం.కె. రైనా వంటి దర్శకులను పిలిచి, వారి కింద నటిగా పనిచేశారు. సమాజం తనదైనా విద్యార్థిగానే నిలబడ్డారు.

అలా వేసిన నాటకాల్లో ‘గుడియా ఘర్’ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చివర ఇల్లాలు ఇల్లు వదిలి వెళ్లిపోయే, నార్వే రచయిత ఇబ్సెన్ ‘బొమ్మరిల్లు’ (ఎ డాల్స్ హౌస్) నాటకానికి హిందీ రూపం అది. దర్శకత్వం తృప్తి మిత్రాది. ఇదే నాటకాన్ని 1958లో ‘బహురూపీ’ సమాజం శంభు మిత్రా దర్శకత్వంలో ‘పుతుల్ ఖేలా’గా బెంగాలీలో వేసినప్పుడు కథానాయిక పాత్ర ధరించింది ఆ తృప్తి మిత్రాయే. అంటే బెంగాలీ రంగస్థలం మీద ఇల్లు వదిలి వెళ్లిన ఇల్లాలే, రెండు దశాబ్దాలు దాటాక, ఆ గడప దాటడం హిందీ నటికి దగ్గరుండి నేర్పారన్నమాట. ఆ పాత్రకు ఉషకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఉత్తమ నటి పురస్కారం ఇచ్చింది. తృప్తి మిత్రాది 1944 నాటి ‘నవాన్న’ నాటకంతో మొదలైన ప్రజానాటక ఉద్యమ వారసత్వం. మన వైపు ప్రజానాట్యమండలి పుట్టిందీ ఆ ఉద్యమంలోనే. ఈ చుట్టరికం తెలిశాక చదువు సమావేశాల్లో మన పెద్దల దగ్గర ఎన్ని పాత జ్ఞాపకాలు బయటికి వచ్చాయో! వాటిని రాసి పెట్టే పని మొదలైంది.

1980లలో ఉష దర్శకత్వం చేపట్టారు. మన్నూ భండారీ నవల ‘మహాభోజ్’తో 1984లో ఆమెకు దర్శకురాలిగా గట్టి గుర్తింపు వచ్చింది. ఉప ఎన్నికల ముందు ఒక పల్లెలో యువకుడు చనిపోతే, ఆ చావును నాయకులు ఎలా పంచుకు తింటారో చెప్పే కథ. ఆపైన రత్నాకర్ మత్కరీ ‘లోక్‌కథా’, మహేశ్ ఎల్కుంచ్వార్ ‘హోలీ’, స్వదేశ్ దీపక్ ‘కోర్ట్ మార్షల్’, జర్మన్ రచయిత బ్రెక్ట్ రచన ఆధారంగా ‘హిమ్మత్ మాయీ’, కాశీనాథ్ సింగ్ కథ నుంచి ‘కాశీనామా’ వచ్చాయి. మరాఠీ, బెంగాలీ, జర్మన్, హిందీ, ఎక్కడ మంచి కథ ఉంటే అక్కడి నుంచి తెచ్చుకున్నారు. 1998లో దర్శకత్వానికి సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు.

వీటన్నిటిలో 1992 నాటి ‘రుదాలీ’ ఆమెకు తలమానికం. మహాశ్వేతాదేవి బెంగాలీ కథను ఉషే హిందీ నాటకంగా మలిచి, దర్శకత్వం వహించి, శనిచరి పాత్ర ధరించారు. ఇంట్లో ఒకరి తరువాత ఒకరు పోతున్నా ఏడ్చే తీరిక, స్తోమత లేని పేదరాలు, చివరికి జమీందార్ల చావులకు కూలికి ఏడ్చి పొట్ట పోసుకుంటుంది. మన సమావేశంలో ఆ మూల కథ చదివాం. ఉత్త ఏడుపుకు ఒక రేటు, నేల మీద పొర్లి ఏడిస్తే ఇంకాస్త, తల బాదుకుంటే మరి కాస్త అని బేరం సాగే చోటు వచ్చింది. ఎప్పుడూ ప్రసాదాల ఏర్పాట్లు మాత్రమే చూసే ఒక పెద్దావిడ ఆ రోజు చదివారు. గొంతులో ఎక్కడా శోకం పలికించకుండా, సంతలో వంకాయలు బేరమాడినట్టు చదువుకుంటూ పోయారు. విన్నవాళ్లకు దుఃఖం ఆగలేదు. మన మధ్య ఇలాంటి నటి ఉన్నారని ఇన్నేళ్లూ ఎవరం అడగలేదు కాబట్టి తెలియలేదు.

‘రుదాలీ’ని బెంగాలీ ప్రేక్షకులు అక్కున చేర్చుకున్నారు. భాష వేరని ఆగలేదు. మన సభ్యురాలి ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే. కథ ఈ నేలదై, నటన నిజమైనదైతే పక్కింటివాళ్లు కూడా వచ్చి కూర్చుంటారు.

మరో విషయం. రంగకర్మీ తన చిన్న నాటకశాలకు ‘బినోదినీ కేయా మంచ’ అని ఇద్దరు బెంగాలీ నటీమణుల పేరు పెట్టుకుంది. పందొమ్మిదో శతాబ్దపు నటి బినోదినీ దాసి 1883లో స్టార్ థియేటర్ నిలబడడానికి మూలమైనా, తన పేరు పెడతామన్న మాట దక్కలేదు. 1977లో సినిమా చిత్రీకరణలో గంగలో మునిగి చనిపోయిన ‘నాందీకార్’ నాటక సమాజం నటి కేయా చక్రవర్తి రెండో ఆవిడ. స్టార్‌కు బినోదిని పేరు పెడుతున్నట్టు రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది 2024 చివర్లో. ఒక చిన్న నాటక సమాజం ఆ గౌరవం అంతకు ఎంతో ముందే ఇచ్చింది. ఉష 2020 ఏప్రిల్ 23న కోల్‌కతాలోని తన ఇంట్లో గుండెపోటుతో కన్నుమూశారు. లాక్‌డౌన్ రోజులు కావడంతో ఆమె తయారుచేసిన నటీనటులందరూ కలిసి సాగనంపే వీలు లేకపోయింది.

ఇక మిగతా పనులు. ఉగాది పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం, కార్తిక వనభోజనాలు చక్కగా జరిగాయి. పిల్లల తెలుగు తరగతులు ఆదివారాలు నడుస్తున్నాయి. గ్రంథాలయానికి పుస్తకాలు ఇచ్చిన దాతలకు ధన్యవాదాలు. తనిఖీ అయిన జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

ప్రతిపాదనకు వస్తాను. వార్షికోత్సవం ముందు హడావిడిగా సాధన చేసి ఒక్క రాత్రి వేసే నాటకంతో నటులు తయారుకారు. కాబట్టి శనివారం సాయంత్రాలు సంఘం పై అంతస్తు హాలును ఏడాది పొడవునా నాటక సాధనకే కేటాయించాలి. నగరంలోని బెంగాలీ, హిందీ దర్శకులను అతిథులుగా పిలిపించి మనవాళ్లకు శిక్షణ ఇప్పించాలి. అందుకయ్యే పారితోషికం, ప్రయాణ ఖర్చుల కోసం వేదిక అలంకరణ పద్దులోంచి కొంత మళ్లించాలి. పూలదండలు తగ్గితే ఉత్సవం చిన్నబోదు. వచ్చే ఏడు కనీసం ఒక నాటకానికి మహిళా సభ్యురాలే దర్శకత్వం వహించాలి. ఆ చదువు సమావేశంలో శనిచరి మాటలు చదివిన పెద్దావిడను ప్రధాన పాత్రకు ఒప్పించే బాధ్యత నాది.

ఈ ప్రతిపాదనను సర్వసభ్య సమావేశంలో ఓటింగుకు పెడుతున్నాం. చేరదలచినవారు, అనుభవం లేనివారైనా సరే, సంఘం కార్యాలయంలో ఉంచిన పుస్తకంలో పేరు రాయండి.

కార్యదర్శి