గేర్‌బాక్స్ రిపోర్టులు వెనక్కి తీసుకుంటున్నాం, కారణం ఇదీ

మా చేత నెలనెలా మెషీన్ల వైబ్రేషన్ కొలిపించుకుంటున్న వాళ్ళందరికీ. గత మూడు నెలల్లో మేం ఇచ్చిన గేర్‌బాక్స్ రిపోర్టులను నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోకండి. అన్‌బ్యాలెన్స్, అలైన్‌మెంట్, బేరింగ్ రిపోర్టులు సరిగ్గానే ఉన్నాయి, వాటి గురించి టెన్షన్ అక్కర్లేదు.

ఇది మా తెలివితో బయటపడలేదు. ఒకచోట ఆపరేటర్ "సార్, మీ కాగితంలో గేరు బాగుందని రాశారు, నా చెవికి మాత్రం బాగా లేదు" అన్నాడు. కోపం వచ్చింది, దాచడమెందుకు. అయినా మళ్ళీ కొలిచాను, ఈసారి మామూలు ఆర్‌ఎంఎస్ యావరేజ్‌తో, అంటే షాఫ్ట్ చుట్టుతో పనిలేకుండా వైబ్రేషన్ బలాన్ని మాత్రమే సగటు తీసే పద్ధతితో. గేరు పళ్ళు కలిసే ఫ్రీక్వెన్సీ దగ్గర వచ్చిన అంకె మా రిపోర్టులో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. కప్పు విప్పి చూస్తే పళ్ళ మీద గుంటలు.

గేర్‌బాక్సులకు మేం వాడేది సింక్రనస్ యావరేజింగ్. షాఫ్ట్ మీద మెరిసే టేపు ముక్క అంటిస్తాం కదా, చుట్టుకొకసారి దాన్ని చూసి టాకో సెన్సర్ పల్స్ ఇస్తుంది. ఆ పల్స్ దగ్గర మొదలుపెట్టి ఒక్కో చుట్టు సిగ్నల్‌నూ ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తాం. షాఫ్ట్‌తో పాటు తిరిగేది నిలుస్తుంది, పక్క మెషీన్ల రొద కరుగుతుంది. 100 చుట్లు పేరిస్తే ఆ రొద పదో వంతుకు దిగుతుంది. ఆర్‌ఎంఎస్ యావరేజ్ రొదను తగ్గించదు, దాని ఎగుడుదిగుళ్ళను నున్నగా చేస్తుంది, అంతే.

పాత టాకో సెన్సర్ కేబుల్ నలిగిపోతే కొత్త సెన్సరే కొన్నాం. అది పల్స్‌ను ఒక్కో చుట్టుకీ మూడేసి డిగ్రీలు ముందో వెనకో ఇస్తోంది. 1500 ఆర్‌పీఎం దగ్గర అది మిల్లీసెకనులో మూడో వంతు. షాఫ్ట్ వేగం దగ్గర వచ్చే వైబ్రేషన్‌కి ఆ తేడా లెక్కలోకే రాదు, అక్కడి అంకె అచ్చం పాతదే, అందుకే మేమూ అనుమానపడలేదు. కానీ 23 పళ్ళ గేరుకు చుట్టుకు 23 అలలు, కాబట్టి అదే మూడు డిగ్రీలు ఒక్కో అలలో 69 డిగ్రీలు అవుతాయి. అంత చెదిరిన అలల్ని పేరిస్తే ఒకదాన్నొకటి తినేసి సగమే మిగులుతాయి. పాడైన గేరు కాగితం మీద మంచి గేరైపోతుంది.

అమ్మినవాళ్ళను అడిగితే "ఆర్‌పీఎం కరెక్టుగానే చూపిస్తోంది కదండీ" అన్నారు. ఆర్‌పీఎం చూసుకోవడానికా నేను కొన్నది! పాతదాని కేబుల్ బాగుచేయించి, రెండింటినీ ఒకే టేపు ముక్క మీద పెట్టి, సిగ్నల్‌ను గీతగా చూపించే ఆసిలోస్కోప్ తెరను వీడియో తీసి పంపాను. పాతదాని పల్స్ మేకు కొట్టినట్టు నిలబడింది, కొత్తది తాగినవాడిలా ఊగుతోంది. "టేపు మార్చి చూడండి" అని జవాబు. మూడుసార్లు మార్చాం. ఇప్పుడు ఫోనే ఎత్తడం లేదు.

సరే, సెన్సర్ వాళ్ళది, మూర్ఖత్వం నాది. మెమరీ నిండిపోతోందని సగటు మాత్రమే దాచి, అసలు సిగ్నల్ చెరిపేయమని చెప్పింది నేనే. అది ఉండి ఉంటే ఆఫీసులో కూర్చునే మళ్ళీ లెక్క కట్టేవాణ్ణి. ఇక మిగిలినవి రెండు దారులు. పాత అంకెలను రెండుతో హెచ్చించి సవరించిన రిపోర్టు ఇవ్వడం, లేదా అన్నీ కొట్టేసి మళ్ళీ కొలవడం. మొదటిది చేయమని మావాళ్ళే అన్నారు. రెండు రాత్రులు నేనూ ఆ లెక్కలే వేశాను, చెప్తే సిగ్గుగా ఉంది. కానీ పళ్ళ సంఖ్య మారితే ఆ రెండు కూడా మారిపోతుంది, ఏ రోజు సెన్సర్ ఎంత ఊగిందో ఎవరికి తెలుసు? అన్నీ కొట్టేశాను. మళ్ళీ కొలిచినందుకు డబ్బు తీసుకోం.

సింక్రనస్ పద్ధతే మానేయమని సలహాలు వస్తున్నాయి. మానను. బేరింగ్‌కి అది పనికిరాదని మొదటినుంచీ చెప్తూనే ఉన్నాను. బేరింగ్ దెబ్బ షాఫ్ట్ వేగానికి సరిగ్గా ఇన్ని రెట్లని పడదు, కాబట్టి సగటులో అదీ రొదతో పాటే పోతుంది. గేరుకు మాత్రం దాన్ని మించింది నాకు కనబడలేదు. ఇకపై గేర్‌బాక్సుల దగ్గర రెండు రకాలుగానూ కొలుస్తాం, అసలు సిగ్నల్, టాకో పల్స్ రెండూ దాస్తాం. ఒక్కో చోట కాస్త ఎక్కువసేపు నిలబడతాం, ఓపిక పట్టండి. నిమిషానికి 60 చుట్లు తిరిగే షాఫ్ట్ దగ్గర 100 చుట్లంటే 100 సెకన్లు మరి.

మేం వచ్చే రోజు మెషీన్ రోజూ నడిచే లోడ్ మీదే ఉంచండి, ఖాళీగా తిప్పొద్దు. పళ్ళ మీద బరువు పడకపోతే మంచి సెన్సర్ పెట్టినా దండగే.