వార్షిక నివేదిక: అద్దె ఫ్లాట్ల మరమ్మతులు, రంగులు

సభ్యులందరికీ నమస్కారం.

బెంగళూరులో ఫ్లాటు కొని అద్దెకిచ్చి, తాము అనంతపురంలోనో నెల్లూరులోనో ఇంకా దూరంలోనో ఉంటున్న తెలుగువాళ్ల కోసం పెట్టుకున్న సంఘం మనది. ఈ ఏడాది వచ్చిన ఫోన్లలో ఎక్కువ భాగం ఒకటే గోల: "మొన్ననే రంగులు వేయించాం, అప్పుడే గోడ ఉబ్బింది." అందుకని ఈసారి దాని గురించే కాస్త వివరంగా రాస్తున్నాను.

మారతహళ్లి దగ్గర ఒక సభ్యుడి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు. బాత్‌రూమ్‌ని ఆనుకున్న పడకగది గోడకి స్కర్టింగ్ నుంచి మోకాలి ఎత్తు దాకా పుట్టీ పూరీలా పొంగింది. వేలితో నొక్కితే తెల్లటి పొడి రాలింది. ఇద్దరు టెనెంట్లు మారారు. రెండుసార్లూ గీకించి, పుట్టీ పెట్టించి, ప్రైమర్ మీద రెండు కోటింగుల రంగు వేయించారు. రంగు మంచిది కాదని పెయింటరు, పెయింటరుకి పని రాదని రంగుల షాపాయన.

కమిటీ వాళ్లు ప్లంబర్‌ని వెంటబెట్టుకుని వెళ్లి, నహానీ ట్రాప్ (బాత్‌రూమ్ నేలలో నీళ్లు పోయే కన్నం) మూసి ఒక రోజంతా నీళ్లు నిలబెట్టారు. కింది ఫ్లాటు సీలింగ్ మీద చుక్క లేదు. తప్పు నేలలో లేదు. షవర్‌కి పైకెళ్లే పైపు జాయింటులో, టైల్ వెనక ఉంది. ఆ పైపులోకి నీళ్లు వచ్చేది ఎవరైనా షవర్ తిప్పినప్పుడే. ఇల్లు ఖాళీ అయితే కారడం ఆగిపోతుంది, గోడ ఆరినట్టే కనిపిస్తుంది. మనం రంగు వేయించేది సరిగ్గా అప్పుడే! కొత్తవాళ్లు దిగి స్నానాలు మొదలెట్టాక కథ మళ్లీ మొదటికి.

అందుకే కమిటీ ఒక పద్ధతి పెట్టింది. టెనెంటు ఖాళీ చేస్తామని చెప్పగానే, వాళ్లు ఇంకా ఇంట్లో ఉండగానే గోడలు చూడాలి. అనుమానమున్న చోట చదరపు అడుగు ప్లాస్టిక్ షీటు నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి, మర్నాడు విప్పండి. లోపలివైపు చెమ్మ పట్టి ఉంటే రంగు మాట ఎత్తొద్దు, ముందు ప్లంబరు. గోడ ఆరేదాకా అద్దె పోతుందన్న టెన్షన్ ఎవరికైనా ఉంటుంది. అయినా ఒకే పనికి రెండోసారి కూలి ఇవ్వడం కంటే ఆగడమే నయం. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో బయటి గోడల జోలికి పోకండి. డిసెంబరు నుంచి మార్చి దాకా బాగుంటుంది.

పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులో ఒక నెల అద్దె కోయడం ఈ ఊళ్లో ఆనవాయితీ. దీని మీద సర్వసభ్య సమావేశంలో గట్టి వాదనే జరిగింది. మూడేళ్లుంటే రంగు మామూలుగానే వెలుస్తుంది, అది ఓనరు ఖర్చు. గోడ నిండా మేకులు, పిల్లల క్రేయాన్ గీతలు ఉంటే అది వేరే సంగతి. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా గోడలకు వెల్ల, తలుపులు కిటికీలకు రంగు ఓనరుకే వదిలింది. కుళాయిలు, స్విచ్చులు, గీజర్ల రిపేర్లు టెనెంటువి. అది నమూనాయే, రాష్ట్రం తనదిగా చేసుకుంటేనే చట్టం. అయినా మన కొత్త అగ్రిమెంటు నమూనాకి అదే ఆధారం. ఒక్క గీజర్ విషయంలో మాత్రం మేం ఒప్పుకోలేదు. బోరు నీళ్ల సున్నం పేరుకుని కాయిల్ పోతే టెనెంటు ఏం చేస్తాడు? మనలో చాలామంది ఇక్కడ ఫ్లాటు అద్దెకిచ్చి, తామున్న ఊళ్లో ఆఫీసుకి దగ్గరలో ఇంకొకరి ఇంట్లో అద్దెకున్నవాళ్లే. మన అడ్వాన్సు కోస్తే ఊరుకుంటామా?

ఆదాయపు పన్ను గురించి ఒక మాట. అద్దెలోంచి కట్టిన ఇంటి పన్ను తీసేశాక 30 శాతం మినహాయింపు ఎలాగూ వస్తుంది. మరమ్మతులకు రూపాయి పెట్టకపోయినా అంతే, లక్ష పెట్టినా అంతే. పెయింటింగ్ బిల్లులు విడిగా చూపించే వీల్లేదు. వారంటీ కోసం మాత్రం దాచుకోండి.

జమాఖర్చుల పత్రం అందరికీ విడిగా పంపాం. పెయింటర్లతో అందరి తరఫునా చదరపు అడుగు రేటు మాట్లాడే పని ఇంకా తేలలేదు. సామాను మనం కొనివ్వాలా, వాళ్లనే తెచ్చుకోమనాలా అన్న దగ్గర ఆగింది. వచ్చే సమావేశానికి మొదటి అంశం అదే. రాలేనివాళ్లు అభిప్రాయం ముందే రాసి పంపండి, చందా బాకీ ఉన్నవాళ్లు పనిలో పనిగా అదీ కట్టేయండి.

— కార్యదర్శి