కరెంటు వచ్చాక లేవని బోర్డుని బీరువాలో పడేయకండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మన భీమవరం, ఉండి, ఆకివీడు వైపు ఇంజనీరింగ్ పిల్లలు రొయ్యల చెరువుల కోసం మంచి ప్రాజెక్టులు చేస్తున్నారు, ఆక్సిజన్ తగ్గగానే ఏరియేటర్ దానంతటదే ఆన్ అయ్యేలాంటివి. వాటిలో ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ని మనమే రాసి ఎక్కించుకునే చిప్) బోర్డులతో చేసినవి ల్యాబ్‌లో బ్రహ్మాండంగా పనిచేసి, చెరువు గట్టు మీద ఒక్కసారి కరెంటు పోయి వచ్చాక లేవట్లేదు. చిప్ కాలిపోయిందనుకుని బోర్డు బీరువాలో పడేస్తున్నారు, వేలకి వేలు పోసి కొన్న బోర్డులండీ అవి, చాలావాటికి ఏమీ అవ్వలేదు.

జైలింక్స్ వాళ్లు 1985లో తెచ్చిన మొదటి ఎఫ్‌పీజీఏ నుంచి ఇప్పుడు కాలేజీల్లో వాడే ఆర్టిక్స్-7 చిప్ దాకా మనం ఎక్కించిన డిజైన్ ఉండేది ఎస్‌ర్యామ్ అనే మెమరీలో. కరెంటు పోతే మొత్తం చెరిగిపోద్ది. మళ్ళీ వచ్చినప్పుడల్లా పక్కనున్న, కరెంటు పోయినా చెరగని ఫ్లాష్ చిప్‌లోంచి అంతా చదువుకుని లేవాలి. ల్యాబ్‌లో పిల్లలు యూఎస్‌బీ కేబుల్ పెట్టి ఎక్కించే బిట్ ఫైల్ (డిజైన్ ఫైల్) నేరుగా ఎస్‌ర్యామ్‌లోకి పోద్ది, ఫ్లాష్‌లోకి ఎవరూ రాయరు, రాయమని చెప్పేవాళ్లూ తక్కువే.

లేవకపోతే ముందు డన్ లైట్ చూడండి. అది వెలిగితే లోడింగ్ అయిపోయినట్టే, తేడా డిజైన్‌లోనో క్లాక్‌లోనో ఉంది. వెలక్కపోతే జంపర్ (పిన్నుల్ని కలిపే చిన్న తొడుగు) చూడాలి, ఆర్టిక్స్-7 ఉండే బేసిస్ 3 బోర్డులో జేపీ1 జంపర్ జేట్యాగ్ (కేబుల్‌తో ఎక్కించే దారి) వైపు ఉండిపోతే చిప్ అసలు ఫ్లాష్ వైపే చూడదు. తర్వాత మల్టీమీటర్‌తో 1.0, 1.8, 3.3 వోల్టులు మూడూ సరిగ్గా వస్తున్నాయా అని కొలవాలి. చిప్ లోడింగ్‌కి సిద్ధమో కాదో చెప్పే ఇనిట్ పిన్ వోల్టేజీ సున్నా దగ్గరకి పడిపోయి అలాగే ఉండిపోతే చదివిన డేటాలో తప్పొచ్చి ఉండొచ్చు.

ఇవన్నీ బాగానే ఉండి కూడా లేవకపోతే, చిప్ చేత మళ్ళీ మొదటినుంచి లోడింగ్ చేయించే ప్రోగ్ బటన్ ఒకసారి నొక్కి వదలండి. దీని గురించే నేను ముఖ్యంగా రాస్తున్నాను. నొక్కగానే బోర్డు లేచిందంటే చిప్పూ మంచిదే, ఫ్లాషూ మంచిదే, ఫైలూ మంచిదే, తేడా అంతా కరెంటు వచ్చే తీరులో ఉంది. చెరువుల దగ్గర కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లాగుతాయి, వోల్టేజీ కుంగి మెల్లగా పైకొస్తది, ఫ్లాష్ చిప్ ఇంకా సిద్ధం కాకముందే ఎఫ్‌పీజీఏ డేటా అడిగేస్తది, జవాబు రాదు, ఇక అలాగే ఎదురుచూస్తూ కూర్చుంటది. ల్యాబ్‌లో మంచి సప్లై ఉంటది కాబట్టి ఈ తేడా అక్కడ కనపడదు. దీనికి మందు ఒక చిన్న రీసెట్ ఐసీ, వోల్టేజీలన్నీ నిలబడేదాకా అది ఇనిట్ పిన్‌ని కిందకి పట్టి ఉంచాలి. ఆర్టిక్స్-7లో ఇనిట్‌కి బదులు ప్రోగ్ బటన్ తాలూకు పిన్‌ని కిందకి పట్టుకుంటే కుదరదు, కరెంటు వచ్చేటప్పుడు చిప్‌ని ఆపాలంటే ఇనిట్టే పట్టుకోవాలి, చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు.

చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున, ఆ టైములో కరెంటు పోయి వస్తే ప్రోగ్ బటన్ నొక్కడానికి గట్టు మీద ఎవరుంటారండీ? రైతు పంట మొత్తం దాని మీదే ఉంది కదా.

అందుకే మన జిల్లాల కాలేజీలవాళ్లకీ సిలబస్ రాసే పెద్దలకీ మీ పత్రిక ద్వారా ఒక్కటే అడుగుతున్నాను. ల్యాబ్ పరీక్షలో డిజైన్ నడిచిందని చూసి మార్కులు వేసేయకండి, కేబుల్ పీకించి, కరెంటు తీసి మళ్ళీ పెట్టించి, బోర్డు దానంతటది లేచాకే వేయండి. బీరువాల్లో పడున్న బోర్డుల్ని కూడా ఈ సెలవుల్లో బయటికి తీసి పిల్లల చేత ఒక్కొక్కటీ చెక్ చేయించండి.

ఇట్లు,
ఒక ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ మాస్టారు,
భీమవరం