మంత్రి గారూ, పరికరం డబ్బు పోగుచేసేలోపు మా నాన్న మాట పోయింది

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను గిద్దలూరు దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్‌ని. మా నాన్న రైతు. పోయిన మాఘమాసంలో ఒక పొద్దున ఆరూ పదికి గేదె పాలు పితికి, చెంబు అరుగు మీద పెట్టబోతుంటే చేతిలోంచి జారిపోయింది. అమ్మ కేకేస్తే జవాబు చెప్పబోయాడు. మాట ముద్దగా వచ్చింది. మూతి ఎడమ పక్కకు లాగేసింది, కుడి చెయ్యి వేలాడిపోయింది. పక్షవాతమని ఇంట్లో అందరికీ తెలుసు. అది నిమిషాల మీద నడిచే జబ్బని మాత్రం ఎవరికీ తెలియదు.

ఊళ్ళో ఆర్‌ఎంపీ వచ్చి బీపీ చూసి మాత్ర ఇచ్చాడు. కాసేపు పడుకుంటే సర్దుకుంటుందన్నాడు. పావురం రక్తం రాస్తే నరం లేస్తుందని పక్కింటి పెద్దాయన చెప్పాడు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళకు తెలిసిన సాయం వాళ్ళు చేశారు. తొమ్మిదిన్నరకు ఊళ్ళోంచి బయలుదేరి, దిగువమెట్ట ఘాట్ దాటి నంద్యాల చేరి స్కాన్ తీయించేసరికి పదకొండున్నర అయింది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలట. అప్పటికే ఐదు గంటలు దాటిపోయాయి.

అక్కడి నుంచి ఇంకో పెద్ద ఊరికి పంపారు. ఆ ఆసుపత్రి పేరు రాయను, ఎందుకంటే ఈ ఉత్తరం ఒక్క ఆసుపత్రి గురించి కాదు. మధ్యాహ్నం ఒకటీ యాభైకి అక్కడి డాక్టరు గారు స్కాన్ చూపించి, మందుల చీటీ వెనకాల బొమ్మ గీసి చెప్పారు. మెదడు ఎడమ భాగానికి రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళంలో గడ్డ ఇరుక్కుంది, మెదడులో ఇంకా చాలా భాగం బతికే ఉంది, గడ్డను పరికరంతో బయటికి లాగితే మనిషి లేచే అవకాశం బాగా ఉంది అన్నారు. కౌంటర్‌లో మొత్తం ఆరు లక్షలవుతుందని, అందులో సగం పరికరాలకేనని, ముందు నాలుగు లక్షలు కట్టమని చెప్పారు. ఉచిత వైద్యానికి ప్రభుత్వం ఇచ్చే ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు చూపించాం. కార్డు మీద అనుమతి రావడానికి టైం పడుతుంది, ఈ పరికరం అందులో వస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేం అన్నారు.

అమ్మ గాజులు, నా మెడలోది తాకట్టు పెట్టాం. స్కూల్లో తోటి టీచర్లు ఫోన్‌పేలో తలా పదివేలు, ఇరవై వేలు వేశారు. నాలుగు లక్షలు పోగై కౌంటర్‌లో కట్టేసరికి ఐదూ నలభై. మళ్ళీ స్కాన్ తీశారు. మధ్యాహ్నం బతికున్న భాగంలో చాలావరకు చచ్చిపోయింది, ఇప్పుడు గడ్డ తీస్తే లోపల రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది, చేయలేం అన్నారు. డబ్బు తిరిగి ఇచ్చేశారు.

ఒకటీ యాభై నుంచి ఐదూ నలభై దాకా 230 నిమిషాలు. పెద్ద నాళం మూసుకుపోతే మెదడు సగటున నిమిషానికి 19 లక్షల కణాలు పోగొట్టుకుంటుందని డాక్టర్లు లెక్కగట్టారు. 230ని 19 లక్షలతో హెచ్చవేస్తే 43 కోట్ల 70 లక్షలు. లెక్కల టీచర్‌ని కాబట్టి ఆ రాత్రి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఈ గుణకారం చేయకుండా ఉండలేకపోయాను. నాన్నకు ఇప్పుడు ఒక్క మాటే వస్తుంది. నీళ్ళు కావాలన్నా, నొప్పి పుట్టినా, నన్ను పిలవాలన్నా 'అది' అంటాడు.

ఈ ఉత్తరం రాసేముందు ఆ పరికరం ఏమిటో తెలుసుకోవాలనుకున్నాను. తర్వాత మేం చూపించుకున్న న్యూరాలజిస్టు గారు ఓపిగ్గా చెప్పారు, నేనూ చదివాను. గజ్జల దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం ఎక్కించి, గుండె పైనున్న పెద్ద రక్తనాళం మీదుగా మెడలోకి, అక్కడి నుంచి మెదడులోకి తీసుకెళ్తారు. అందులోంచి ఇంకా సన్నటి గొట్టాన్ని గడ్డ దాటించి, ఒక తీగ చివరనున్న చిన్న వలను గడ్డలోనే విప్పుతారు. కొన్ని నిమిషాలు ఆగితే గడ్డ ఆ వల కళ్ళలో చిక్కుకుంటుంది. అప్పుడు వెనక నుంచి గాలి పీల్చినట్టు పీలుస్తూ వలనూ గడ్డనూ కలిపి లాగేస్తారు. ఈ వల పరికరాన్ని స్టెంట్ రిట్రీవర్ అంటారు. వల లేకుండా లావు గొట్టంతో గడ్డను పీల్చేసే పద్ధతి ఇంకొకటి ఉంది.

ఇది నిన్నమొన్నటి ప్రయోగం కాదండీ. సీసా బిరడా తీసే మరమేకులాంటి మొదటి పరికరానికి 2004లోనే అమెరికాలో అనుమతి వచ్చింది. వల ఉన్నవి అక్కడ 2012లో వచ్చాయి. 2015లో వేర్వేరు దేశాల్లో జరిగిన ఐదు పెద్ద పరీక్షల ఫలితాలు వరసగా బయటికొచ్చాయి. ఆ ఐదింటిలోని 1,287 మంది రోగులను కలిపి చూస్తే, మూడు నెలల తర్వాత ఎవరి సాయం లేకుండా తమ పని తాము చేసుకోగలిగినవాళ్ళు మామూలు వైద్యంతో నూటికి 26 మంది, గడ్డ తీసినవాళ్ళలో 46 మంది. అందరూ బాగుపడరు, ఆ సంగతి నాకు తెలుసు. నాన్న ఆ 46లో ఉండేవాడని నేను చెప్పలేను. మెదడు ఇంకా బతికుందని స్కాన్‌లో కనిపిస్తే 24 గంటల దాకా కూడా చేయొచ్చని 2018లో తేలింది. అంటే ఘాట్ అవతల, ఏజెన్సీలో, డెల్టా చివరి లంకల్లో ఉన్నవాళ్ళకు కూడా ఇది అందుబాటులోకి తేగలిగిన వైద్యమే.

మంత్రి గారూ, మన రాష్ట్రం ఇలాంటి పని ఒకసారి చేసి చూపించింది. అందుకే ఇంత ధైర్యంగా మిమ్మల్ని అడుగుతున్నాను. 2023 సెప్టెంబర్ 29న తిరుపతిలో గుండెపోటుకు స్టెమీ కార్యక్రమం మొదలైంది. చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీస్తే పెద్దాసుపత్రిలో ఉన్న డాక్టరు దాన్ని చూసి చెబుతాడు. 40 వేలకు పైగా ఖరీదున్న ఇంజెక్షన్ అక్కడికక్కడే ఉచితంగా ఇస్తారు. తర్వాత మనిషిని, రక్తనాళాల్లోకి గొట్టం పంపి వైద్యం చేసే క్యాథ్ ల్యాబ్ ఉన్నచోటికి పంపిస్తారు. ఇప్పుడు మా పల్లెల్లో గుండెపోటు అంటే ఎక్కడికి పరిగెత్తాలో జనానికి కొంత తెలుసు. పక్షవాతానికి కూడా అదే దారి వెయ్యండి.

అన్నిటికంటే ముందు ఒక్కటి అడుగుతాను. క్యాథ్ ల్యాబ్ ఉన్న ప్రభుత్వ బోధనాసుపత్రిలో ఈ పరికరాలు అలమారాలో సిద్ధంగా ఉండాలి. రోగి వచ్చాక ఆర్డరు పెట్టడం, కంపెనీ మనిషి బ్యాగులో వేసుకుని రావడం, డబ్బు కట్టాక ప్యాకెట్ విప్పడం వద్దు. పాము కరిచిన మనిషిని ముందు డబ్బు కట్టమని మన పీహెచ్‌సీల్లో ఎవరూ అడగరు. మందు ఫ్రిజ్‌లో ఉంటుంది, వెంటనే ఎక్కిస్తారు. ఈ వల కూడా అలాగే ఉండాలి. వాడినదాన్ని వాడినట్టు లెక్క రాసుకుని కంపెనీకి తర్వాత చెల్లించే ఏర్పాటు ప్రభుత్వానికి కష్టమేమీ కాదు.

ప్రైవేటు ఆసుపత్రిలో చేరినవాళ్ళకు ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స ముందు, కాగితాలు తర్వాత అనే మాట స్పష్టంగా ఉండాలి. అత్యవసర కేసులకు ఫోన్ మీద అనుమతి ఇచ్చే పద్ధతి ఆరోగ్యశ్రీ రోజుల నుంచే ఉంది. దాన్ని ఈ చికిత్సకు రాత్రీపగలూ నడిచేలా చేసి, ప్యాకేజీలో పరికరం ఖరీదును విడిగా, సరిపోయేంతగా చూపించండి. ఖరీదు సగమే వస్తుందంటే ఏ ఆసుపత్రీ చెయ్యదు. మిగతా సగం కట్టమని మాలాంటివాళ్ళనే అడుగుతుంది.

ధర గురించి కేంద్రానికి మీరు గట్టిగా రాయాలి. గుండెలో వేసే మందు పూత స్టెంట్లు లక్షకు పైగా అమ్మిన రోజులు అందరికీ గుర్తే. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ వాటి ధర 29,600కు కట్టేసింది. మెదడు గడ్డ తీసే పరికరాలకూ ధర కట్టమని ఎందుకు అడగకూడదు? ఇంకో మంచి కబురూ ఉంది. సూపర్‌నోవా అనే స్టెంట్ రిట్రీవర్‌ను ఢిల్లీ ఎయిమ్స్ ముందుండి నడిపిన గ్రాస్‌రూట్ ట్రయల్‌లో మన దేశపు రోగుల మీద పరీక్షించారు. 2025లో దానికి కేంద్రం అనుమతి కూడా వచ్చింది. పోటీ పెరుగుతున్న ఇలాంటి సమయంలో రాష్ట్రం మొత్తానికి ఒకేసారి కొంటే బేరం ఆడే బలం మీకు ఉంటుంది. అలమారా నింపడానికి ఇదే అదను.

పరికరం ఉన్నా చెయ్యి తిరిగిన డాక్టరు లేకపోతే లాభం లేదు. మెదడు నాళాల్లో ఈ పని చేసే శిక్షణ ఉన్నవాళ్ళు ప్రభుత్వంలో చాలా తక్కువని మా డాక్టరు గారు అన్నారు. యువ డాక్టర్లను శిక్షణకు పంపండి, తిరిగొచ్చాక వాళ్ళు ఇక్కడే ఉండేలా జీతం ఇవ్వండి. సీటీ స్కాన్ తీసేచోట రక్తనాళాలను చూపించే యాంజియోగ్రామ్ కూడా అప్పుడే తీయించండి. నంద్యాలలో అది తీసి ఉంటే గడ్డ ఎక్కడుందో పదకొండున్నరకే తెలిసేది, రెండు గంటలు మిగిలేవి. 108 సిబ్బందికీ, మా ఊరి ఆర్‌ఎంపీలాంటివాళ్ళకూ మూతి వంకర, చెయ్యి వాలిపోవడం, మాట తడబడటం కనిపిస్తే ఏ ఆసుపత్రికి పంపాలో ఒక్క కాగితం మీద రాసి ఇవ్వండి.

కర్నూలు పెద్దాసుపత్రితో మొదలుపెట్టమని నా విన్నపం. మా నల్లమల పక్క ఊళ్ళవాళ్ళు, రాయలసీమలో చాలామంది చివరికి చేరేది అక్కడికే. మీరు తేదీ ప్రకటిస్తే మా మండలంలో ఊరూరా తిరిగి ఈ లక్షణాల గురించి చెప్పడానికి నేను సిద్ధం. మా స్కూల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఇప్పటికే చెబుతున్నాను. పోయిన వారం ఒక పిల్ల ఇంటికెళ్ళి వాళ్ళ తాతను చేతులు రెండూ పైకెత్తమని చూసిందట.

నాన్న అరుగు మీద కూర్చుని నేను రాయడం చూస్తున్నాడు. మంత్రి గారికి రాస్తున్నానని చెప్పాను. తల ఊపి, ఎడమ చేత్తో కాగితం చూపించి 'అది' అన్నాడు.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

గిద్దలూరు ప్రాంతం నుంచి
ఒక లెక్కల టీచర్