ఏజెన్సీలో తాగేవాళ్లకు కావలసింది వైద్యం

సంపాదకుల వారికి,

ఏజెన్సీ ఊళ్లలో సారా మీద దాడి జరిగినప్పుడల్లా పగలగొట్టిన కుండల ఫొటోలు పేపర్లో వస్తాయి, ఆ తర్వాత రోజూ తాగే మనిషి ఏమయ్యాడో ఎవరూ రాయరు. ఏళ్ల తరబడి తాగినవాడికి ఒక్కసారిగా మందు ఆగిపోతే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, కొందరికి ఫిట్స్ వస్తాయి, మతి తప్పి ప్రాణమే పోవచ్చు. కాబట్టి మాన్పించే పని డాక్టర్ దగ్గర, మందులతో, బి1 విటమిన్‌తో మొదలవ్వాలి.

గోండులు ఇప్పసారాను దేవుళ్లకు పెడతారు. దాన్నీ, మెథనాల్ అనే విషం కలిసిన కల్తీ సారానూ ఒకే గాటన కట్టి తిడితే వాళ్లు దాక్కుని తాగుతారు, అది ఇంకా ప్రమాదం. ఇవాళే మానలేని మనిషికి కనీసం ఖాళీ కడుపుతో తాగొద్దని, ఒంటరిగా తాగొద్దని, ఎక్కడిదో తెలియని సరుకు ముట్టొద్దని వాళ్ల భాషలోనే చెప్పేవాళ్లు కావాలి, ఊరి పెద్దలు పక్కన కూర్చుంటే మరీ మంచిది.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2013 నుంచి ఆదివాసుల సొంత ఆరోగ్య సంస్థ పనిచేస్తోంది. నల్లమందు రకం మత్తుమందులు మోతాదు మించినప్పుడు బతికించే నాలోక్సోన్ అనే మందు పంచడం, సంప్రదాయ వైద్యానికి చోటివ్వడం రెండూ అక్కడ కలిసే సాగుతున్నాయి. మన దగ్గర మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నియంత్రించే అధికారం గ్రామసభకు ఉండాలని ఆదివాసీ ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 నాటి పెసా చట్టమే చెబుతోంది. ఆ సభలో తాగేవాళ్లనూ, వాళ్ల ఇంటి ఆడవాళ్లనూ మాట్లాడనివ్వండి. గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) అధికారులు ముందుగా ప్రతి పీహెచ్‌సీలో తాగుడు మాన్పించే వైద్యం తెలిసిన ఒక్కరినైనా పెట్టాలి.

- ఒక పాఠకురాలు, పాడేరు